రెండు చెంపలు, రెండు సీసాలు

ఒక ఎండాకాలం మొత్తం మా ఆవిడ కుడి చెంపకు ఒక సీసాలోది, ఎడమ చెంపకు ఇంకో సీసాలోది రాసుకుని పుంగనూరులో తన దుకాణంలో కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి మరీ కూర్చుంది. ఇప్పుడామె లేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు లేని గుణాలు అంటగట్టడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఆమె మంచితనం గురించి, ఓర్పు గురించి రాయను. ఆమె పెట్టుకున్న ఒక పందెం గురించి రాస్తాను. అది నేను పక్కనుండి చూసినది.

దుకాణం బస్టాండుకు దగ్గర్లో, పడమర ముఖంగా ఉండేది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు, పౌడర్లు, ముఖానికి రాసుకునే క్రీములు అమ్మేది. బోర్డు మీద ఫ్యాన్సీ స్టోరు అని ఉండేది. నేను మదనపల్లెలో ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం వచ్చేవాణ్ణి. వచ్చేటప్పుడు ఆమె చెప్పిన సరుకు మదనపల్లె హోల్‌సేల్ అంగళ్ళలో తీసుకుని వచ్చేవాణ్ణి. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో గాజుల పెట్టె. కండక్టర్లు నన్ను చూసి నవ్వేవారు.

తొంభైల మొదట్లో, మా రెండో బిడ్డ పుట్టాక, ఆమె ముఖానికి మంగు వచ్చింది. రెండు చెంపల మీద, ముక్కు మీద గోధుమ రంగు మచ్చలు. చాలామంది ఆడవాళ్ళకు వస్తుంది, పట్టించుకోకుండా వదిలేస్తారు. కానీ ఆమె అమ్మేదే ముఖానికి రాసుకునే సరుకు.

మా దుకాణానికి ఎదురుగా చెనక్కాయల మండీ, అంటే వేరుశెనగలు టోకున అమ్మే అంగడి, ఉండేది. ఆ మండీ వాళ్ళ ఇల్లాలిని ఊళ్ళో అందరూ మండీ అక్క అనేవారు. పెద్ద గొంతు, పెద్ద మనసు, నోటికి అడ్డు లేదు. ఒకరోజు దుకాణం నిండా జనం ఉన్నప్పుడు ఆమె ఒక క్రీము డబ్బా చేతిలో పట్టుకుని, మా ఆవిడ ముఖంలోకి చూసి అడిగింది.

"ఏమ్మా, అమ్మేదేమో మచ్చలు పోయే క్రీము. నీ మొగం మీదేమో సెరువెండిన మట్టి. నీకే పని సెయ్యంది మాకు యాల సేస్తాది?"

అందరూ నవ్వారు. మండీ అక్క కూడా నవ్వి, గాజులు కొనుక్కుని వెళ్ళిపోయింది. ఆమెకు అందులో కోపం గానీ ద్వేషం గానీ లేదు. నిజం కనబడింది, అనేసింది.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి దుకాణానికి వచ్చేసరికి మా ఆవిడ కుర్చీ తిరిగి ఉంది. అంతకుముందు అది వీధివైపు చూసేది. ఇప్పుడు దక్షిణపు గోడ అరలవైపు తిప్పేసింది. వీధిలోంచి చూస్తే ఆమె కుడి చెవి, జడ, కొంగు మాత్రమే కనబడేవి. బేరం అడిగితే తల తిప్పకుండానే చెప్పేది. జరిగింది నాకు పక్క అంగడివాళ్ళు చెప్పారు.  కుర్చీ ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయింది.

మొదట ఆమె అందరూ చేసే పనే చేసింది. ఆ రోజుల్లో మందుల షాపుల్లో అడిగితే ఒక ట్యూబు ఇచ్చేవారు. పక్కింటివాళ్ళు వాడారు, బాగా పనిచేసింది అని ఒకరికొకరు చెప్పుకుని కొనుక్కునేవారు. ఆమె కూడా కొనుక్కుని రాసుకుంది. మచ్చలు త్వరగానే పలచబడ్డాయి. ముఖం మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆపగానే మచ్చలు ఇంకా ముదురుగా తిరిగొచ్చాయి. చర్మం పలచబడి ఎర్రబడింది. చెంపల మీద నూగు వెంట్రుకలు మొలిచాయి. ఎండలో అడుగుపెడితే మంట.

మదనపల్లెలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ట్యూబు చూసి పక్కన పెట్టింది.

"ఇది స్టెరాయిడ్ అమ్మా. ఎగ్జిమాకు, దురదకు కొద్దిరోజులు రాసే మందు. మొగానికి రోజూ పూసుకునేది కాదు. మంగు తొందరగా పోయేది కూడా కాదు. ముందు ఇది మానండి, ఎండలో గొడుగు పట్టుకోండి. విటమిన్ సి తో చేసినవి కొంత పని చేస్తాయంటారు. మంచివి ఇంకా మన పక్కకి రాలేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ ఒకే మాట అంది.

"ఇంక నా మొగానికి పూసి సూడంది నా అంగట్లో అమ్మను."

ఆ మాట మీద చివరిదాకా నిలబడింది.

విటమిన్ సి అన్న మాట ఇంట్లో చెప్పగానే మా అమ్మ నిమ్మకాయ తీసింది. ఆమె తప్పేమీ కాదు, పిల్లల పుస్తకాల్లో కూడా అదే ఉండేది. మా ఆవిడ నిమ్మరసం పిండి రాసుకుని దుకాణంలో కూర్చుంది. మధ్యాహ్నం నుంచి ఎండ దుకాణంలోకి వస్తుంది. దవడ మీద రసం తగిలినచోట కాలినట్టు నల్ల మచ్చ పడింది. అది పోవడానికి వానాకాలం దాకా పట్టింది. తర్వాత టమోటా. మదనపల్లె నుంచి నేను దానికి సంచి నింపి తెచ్చాను. దానివల్ల మేలూ లేదు, కీడూ లేదు, ముఖం మాత్రం చారు వాసన వేసేది.

నిమ్మరసానికి దవడ ఎందుకు కాలిందో మా అమ్మ కారణం చెప్పింది.

"పచ్చి నిమ్మకాయ పూసినావు, అందుకే కాలింది. నిమ్మకాయకు గుణం వచ్చేది ఊరినాక."

ఇక్కడ మా ఇంటి జాడీ గురించి చెప్పాలి. మా పక్క చాలా ఇళ్ళల్లో ఉంటుంది. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయలు ఏళ్ళ తరబడి అట్లాగే ఉంచుతారు. పసుపుగా ఉన్నవి గోధుమ రంగుకు వస్తాయి, తర్వాత నల్లగా, బెల్లపు పాకం రంగుకు తిరుగుతాయి. అప్పుడవి ఊరగాయ కాదు, మందు. అజీర్తికి, జ్వరం తర్వాత నోరు చేదుగా ఉన్నప్పుడు, బాలింతలకు చిన్న ముక్క పెడతారు. మా ఇంట్లో జాడీ మా పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మా ఆవిడ రెండు కాన్పుల తర్వాతా ఆ ముక్కలు తిని కోలుకుంది. నేనూ తిన్నాను. నల్లబడే కొద్దీ గుణం పెరుగుతుందని మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

రెండువేలు దాటాక సీసాలు వచ్చాయి. మా ఆవిడ చెల్లెలు కుప్పంలో ఉండేది. రోజూ రైల్లో బెంగుళూరు వెళ్ళి అక్కడ ఒక పెద్ద సౌందర్య సామగ్రి షాపులో పనిచేసి రాత్రికి తిరిగొచ్చేది. ఒక ఆదివారం పుంగనూరు వచ్చి చాపమీద మూడు రకాలు పేర్చింది. మూడింటి మీదా విటమిన్ సి అని పెద్ద అక్షరాలతో ఉంది.

"బావా, వెనక సన్నక్షరాలు సదువు. అక్క వింటాది," అంది.

భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. మొదటిది క్రీము. డబ్బా మీద కోసిన నారింజపండు బొమ్మ. ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాస్తారని, తక్కువది చివరికి పోతుందని మరదలు చెప్పింది. మా ఆవిడ తలూపి, "ముందు ఏముండాది?" అని అడిగింది.

"నీళ్ళు."

"తర్వాత?"

"మినరల్ ఆయిల్. తర్వాత మైనం లాంటిది. తర్వాత గ్లిజరిన్."

"నారింజ యాడుండాది?"

నేను చదువుకుంటూ పోయాను. నారింజ తొక్క సారం అన్నది సువాసన తర్వాత, రంగుకు కాస్త ముందు ఉంది. విటమిన్ సి అసలు పేరు ఎక్కడా లేదు.

"అంటే సాంబారులో ఇంగువ మాదిరి," అంది మా ఆవిడ.

"ఇంగువకైనా వాసనుంటాది కదక్కా," అంది చెల్లెలు.

"దీనికీ ఉండాదిలే వాసన. మచ్చకు వాసనతో పనేముండాది?" అని డబ్బా పక్కకు జరిపింది.

రెండోది చిన్న గాజు సీసా. సీరం అంటారని మరదలు చెప్పింది. నీళ్ళలాగే ఉంది. వెనక జాబితా చిన్నది. నీళ్ళ తర్వాత రెండో పేరే ఆస్కార్బిక్ ఆసిడ్. అదే విటమిన్ సి అని చెప్పాను. మూడోది ఒక ట్యూబు. దాంట్లో జాబితా మధ్యలో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అని ఉంది. ఆ పేరు పలకడానికి నాకే రెండుసార్లు పట్టింది. అదీ విటమిన్ సి కుటుంబమేనని, మెత్తగా ఉంటుందని, మంట పెట్టదని బెంగుళూరులో చెప్పుకుంటారని మరదలు అంది.

"ముందు ఘాటైనది సూస్తాను," అని మా ఆవిడ సీసా తీసుకుంది.

మొదట్లో చిమచిమలాడింది. తర్వాత సర్దుకుంది. కొన్ని వారాలకు మంగు అంచులు కరిగినట్టు నాకే తెలిసింది. ఆమె అద్దం ముందు నిలబడే సమయం పెరిగింది. చెల్లెలికి చెప్పి మరికొన్ని సీసాలు తెప్పించి, వీధివైపు గాజు బీరువాలో వరసగా పెట్టింది. ట్యూబులైటు వెలుగు, మధ్యాహ్నం పడమటెండ, రెండూ వాటి మీద పడేవి. అందంగా ఉండేవి.

కొన్నాళ్ళకు సీసాలు రంగు తిరగడం మొదలైంది. మొదట పలచటి టీ రంగు. తర్వాత బెల్లపు పాకం. ఆమె రోజూ వాడే సీసా కూడా అట్లాగే తిరిగింది. ముందు కనబడిన మేలు అక్కడితో ఆగిపోయింది. మంగు మళ్ళీ ఉన్నచోటే ఉండిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియలేదు.

మా అమ్మ దుకాణానికి వచ్చి బీరువాలోకి చూసి సంతోషపడింది.

"సూడు పాపా, ఊరతాండాది. నిమ్మకాయ సత్తే కదా. నల్లబడినాక సూడు దాని పని."

మా ఆవిడకు అది సబబుగానే తోచింది. తెల్లగా ఉన్న సీసాలు వెనక్కి నెట్టి, బాగా రంగొచ్చినవి ముందుకు పెట్టింది. కొనేవాళ్ళకు కూడా అదే చెప్పేది. మండీ అక్క వచ్చి, ఉన్నవాటిలో బాగా పండింది కావాలని పట్టుబట్టి, అన్నిటికన్నా నల్లటి సీసా ఏరుకుని పోయింది.

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో పాత రసాయనశాస్త్రం పుస్తకం ఒకటి అట్ట ఊడి బైండింగుకు వచ్చింది. విటమిన్ల అధ్యాయం తిరగేశాను. ఆస్కార్బిక్ ఆసిడ్ గాలి తగిలినా, వెలుతురు తగిలినా, వేడి తగిలినా చెడిపోతుందని, చెడిపోతే గోధుమ రంగుకు తిరుగుతుందని అందులో ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పాను.

మా అమ్మ ఒప్పుకోలేదు. "సెడిపోతే బూజు పడతాది. నల్లబడితే పండినట్టు."

మా ఆవిడ నావైపు తిరిగింది. "మీ పుస్తకంలో ఊరగాయ సంగతి రాసుండాదా?"

"లేదు."

"అయితే సగమే రాసినట్టు."

అట్లా అందే గానీ అన్నం కలుపుతూ చెయ్యి ఆపేసింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. నల్ల సీసాలు మందని చెప్పి ఆమె ఊళ్ళో పదిమందికి ఇచ్చింది. అది నిజం కాకపోతే మండీ అక్క అన్న మాట రెండోసారి నిజమవుతుంది. ఈసారి ముఖానికి మాత్రమే కాదు, మాటకు కూడా మచ్చ పడుతుంది.

"మీ పుస్తకం వద్దు, అత్త జాడీ వద్దు," అంది చివరికి. "నా సెంపలు రెండుండాయి కదా. అవే సెప్పాల."

చెల్లెలికి ఫోను చేసి తాజా సీసా తెప్పించింది. దాన్ని మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచింది. బీరువాలోంచి బాగా నల్లబడిన సీసా ఒకటి తీసింది. నల్లది కుడి చెంపకు, తాజాది ఎడమ చెంపకు. ఎండకు రాసుకునే క్రీము రెండు చెంపలకూ ఒకటే. గొడుగు ఒకటే. ముఖం కడుక్కునే సబ్బు ఒకటే.

అంతవరకూ ఇంటి సంగతే. మర్నాడు దుకాణంలో అందరికీ చెప్పేసింది. ఎందుకు చెప్పావని అడిగాను.

"నేనే పూసుకుని నేనే సూసుకుంటే నాకు కావాల్సిందే కనపడతాది. సూసేది వేరేవాళ్ళు సూడాల."

ఈ సంగతి వీధి దాటి మండీ అక్కకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతిలో చెనక్కాయలు ఒలుచుకుంటూ వచ్చి మెట్టు మీద నిలబడింది. కొంతసేపు చూసింది. ఒక గింజ నోట్లో వేసుకుంది.

"నీ లెక్క సెల్లదు," అంది.

"యాలక్కా?"

"నువ్వు కూసునేది గోడకల్లా తిరిగి. పడమటెండ నీ కుడిసెంపకే కొడతాంది. ఎడమసెంప నీడలో సల్లగా ఉండాది. రేపు ఎడమసెంప తెల్లబడితే అది సీసా గొప్పా, నీడ గొప్పా?"

  ఆ సంగతి, తర్వాత మా ఆవిడ చెప్పేదాకా, నాకూ తట్టలేదు. మా ఆవిడ కుర్చీ వైపు చూసింది, వీధి వైపు చూసింది. కొంగు సర్దుకుంది. తర్వాత లేచి, కుర్చీ రెండు చేతులతో పట్టుకుని, నేల మీద కాళ్ళు గీరుకుంటుండగా లాగి, వీధికి ఎదురుగా తిప్పి కూర్చుంది.

"ఇప్పుడు సెల్లుతాదా?"

"ఇప్పుడు సెల్లుతాది," అంది మండీ అక్క.

ఆ సాయంత్రం బస్సు దిగి రోడ్డు దాటుతూ, ఎన్నో ఏళ్ళ తర్వాత, దూరం నుంచే మా ఆవిడ ముఖం చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. దగ్గరికి వెళ్ళాక మామూలుగా సరుకు సంచి అందుకుంది.

ఆ ఎండాకాలం మా దుకాణానికి గాజులు కొనేవాళ్ళకన్నా చెంపలు చూసేవాళ్ళు ఎక్కువ వచ్చారు. తంబళ్లపల్లె వైపు నుంచి సంతకు వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆగి చూసి పోయేవారు. బస్సు కండక్టరు రోజూ అడిగేవాడు.

"సార్, ఈ పొద్దు ఏ సెంపకు మెజారిటీ?"

"లెక్కింపు జరుగుతాంది," అనేవాణ్ణి.

మా అమ్మ కుడిచెంప పక్షం. రోజూ పొద్దున కోడలి ముఖం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "కుడిదే రొంత తేటగా ఉండాది," అనేది. కుప్పం నుంచి చెల్లెలు ఫోను చేసి, "ఎడమదే గెలుస్తాది, సూడు," అనేది. మండీ అక్క ఏ పక్షమూ కాదు. "రెండూ ఓడిపోతాయి. మంగు మంగే," అనేది. ఆ మధ్యలో ఆమె కూతురి కాన్పుకు కుప్పం వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ కూడా మెట్టు ఎక్కి, "నేనొచ్చేదాకా తీర్పు సెప్పుకోవద్దండి," అని హెచ్చరించి పోయింది.

మా ఆవిడ ఒప్పుకుంది. రోజూ చూసే కంటికి తేడా తెలియదని, ఆమె తిరిగొచ్చి చూస్తేనే సరైన తీర్పని అంది. అద్దం కూడా అంతగా చూసుకునేది కాదు. వీధిని చూస్తూ కూర్చునేది. అంతకుముందు అలవాటుగా కొంగు చెంప మీదికి లాక్కునే చెయ్యి ఇప్పుడు గాజుల పెట్టెల మీదే ఉండేది. దారిన పోయేవాళ్ళను ముందుగా ఆమే పలకరించేది. బేరాలు కూడా పెరిగాయి.

మొదటి వానలు పడ్డాక మండీ అక్క తిరిగొచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. సంచి మెట్టు మీద పెట్టి లోపలికొచ్చింది. ఆ రోజు సెలవు కాబట్టి నేనూ దుకాణంలోనే ఉన్నాను. పండుగ గాజులకు వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు.

"లెయ్యి," అంది మండీ అక్క.

మా ఆవిడ లేచింది. మండీ అక్క ఆమె గడ్డం పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, ముఖం వెలుతురులోకి తిప్పింది. కుడికి తిప్పి చూసింది. ఎడమకు తిప్పి చూసింది. మళ్ళీ కుడికి. మా ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడింది. 

"ఎడమ," అంది.

ఎవరో చప్పట్లు కొట్టారు.

"గమ్మునుండండి. నేను సెప్పేది ఇంకా ఐపోలే. ఎడమ పక్క మబ్బు ఇడిసినట్టుండాది. మచ్చ ఉండాది, లేదనలే, కానీ ఎతికితే గానీ కనపడదు. కుడి పక్కది యాడిది ఆడే ఉండాది." అంటూనే ఆమె ముఖం మారింది. "ఉండు ఉండు. కుడి పక్క పూసింది నల్ల సీసా కదా?"

"అవునక్కా."

"నాకిచ్చిందీ నల్ల సీసానే కదా?"

"అవునక్కా."

"ఏమే! పాడైపోయింది నాకంటగట్టి, తాజాది నువ్వు పూసుకుంటివా?"

"రెండూ పూసుకునింది నేనే కదక్కా. నువ్వే బాగా పండింది కావాలని ఏరుకుంటివి."

"పండింది అడిగితే కుళ్ళింది ఇస్తావా?"

"నాకూ తెలీదక్కా. ఇదో, ఇప్పుడే తెలిసింది, నీ నోటితోనే."

మండీ అక్క నవ్వేసింది. ఆ నవ్వు బస్టాండు దాకా వినబడి ఉంటుంది. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే గాజు బీరువా తలుపు తీసి, అందులో మిగిలిన నల్ల సీసాలన్నీ కొంగులో వేసుకుని, దుకాణం ముందు కాలువ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే మూత తీసి పారబోసింది. అందరూ చూస్తుండగానే. నల్ల సీసా తీసుకెళ్ళిన ప్రతి ఇంటికీ తనే వెళ్ళి, అది మందు కాదు, చెడిపోయింది, వాడొద్దు అని చెప్పి, కొత్త సీసా ఇచ్చి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. చాలామంది ఆమెను కూర్చోబెట్టి రెండు చెంపలూ చూశారు.

ఇంట్లో మా అమ్మకు చెప్పడమే కొంచెం కష్టమనుకున్నాం. ఆమె కోడలి ముఖం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఊరగాయలో ఉప్పుండాది," అంది. "దీంట్లో ఉప్పు యాడుండాది? అందుకే పండలే."

"అదే అత్తా," అంది మా ఆవిడ. "ఉప్పు లేదు."

నేను పుస్తకం ఊసెత్తలేదు. అవసరం కూడా లేదు. పుస్తకంలో ఉన్నది సరైనదేనని తేలింది, కానీ అది తేల్చింది పుస్తకం కాదు.

మర్నాడు మా అమ్మ ఖాళీ జాడీ ఒకటి కడిగి, ఆరబెట్టి, మూతకు గుడ్డ కట్టి కోడలి చేతికి ఇచ్చింది. "వెలుతురు తగలకూడదన్నారు కదా. దీంట్లో పెట్టుకో," అంది. అప్పటినుంచి దుకాణంలో సీరం సీసాలు గాజు బీరువాలో కాకుండా బల్ల కింద చల్లని చోట, ఊరగాయ జాడీలో ఉండేవి. ఎవరైనా అడిగితే ఆమె వంగి జాడీ మూత తీసేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

ఆ తర్వాత ఆమె రెండు చెంపలకూ తాజాదే రాసుకుంది. ఏడాది తిరిగేసరికి కుడిచెంప ఎడమచెంపను అందుకుంది. మంగు పూర్తిగా పోలేదు. ఎండలు ముదిరినప్పుడు కొంచెం తిరిగొచ్చేది, వానలకు తగ్గేది. ఆ సంగతి ఆమె దాచేది కాదు. "పూర్తిగా పోతాదని సెప్పను, తగ్గుతాది. గొడుగు మాత్రం మరవద్దు," అని కొనేవాళ్ళకు చెప్పేది. సీరం మంట పెడితే మెగ్నీషియం ట్యూబు ఇచ్చేది. అది కూడా తన ముఖానికి రాసి చూశాకే అమ్మింది. అది నెమ్మది, కానీ త్వరగా చెడదు. నారింజ బొమ్మ డబ్బా కూడా రాసి చూసి, అడిగినవాళ్ళకు అదీ ఇచ్చేది. "వాసనకు బాగుంటాది, మచ్చకు కాదు," అని చెప్పి మరీ ఇచ్చేది.

ఒకసారి మదనపల్లె నుంచి ఒక సేల్స్‌మన్ మెరిసే కొత్త డబ్బాలతో వచ్చాడు. విటమిన్ సి అని, విదేశీ పరిశోధన అని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఆమె డబ్బా వెనక్కి తిప్పి నా ముందు పెట్టింది. నేను చదివాను. ఆమె వింది.

"అప్పా, ఇంగువ శానా తక్కువేసినారు," అంది.

అతనికి అర్థం కాలేదు. దుకాణంలో ఉన్న ఆడవాళ్ళకు మాత్రం అర్థమైంది. వాళ్ళు నవ్వుతుంటే అతను తన పెట్టె సర్దుకున్నాడు. శాంతిపురం, కుప్పం వైపు నుంచి కూడా ఏది వాడాలో మరదలు ద్వారా అడిగి పంపేవారు. బెంగుళూరు షాపులో కొత్త సరుకు ఏదొచ్చినా తోటి పనివాళ్ళు, "మీ అక్క సెంపకు పూసి సూసిందా?" అని అడిగేవారట.

ఆమె కుర్చీ మళ్ళీ గోడవైపు తిరగలేదు. దుకాణం మూసే సమయానికి పడమటెండ ముఖం మీద పడుతుంటే గొడుగు తెరిచి పట్టుకునేది. కుర్చీ మాత్రం కదిపేది కాదు.

ఆమె పోయింది గుండెజబ్బుతో. ఆ రోజు ఇల్లు నిండిపోయింది. మండీ అక్క బాగా ముసలిదైపోయింది, మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వరండాలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ఏడవడం అయ్యాక, తెలియని వాళ్ళకు రెండు చెంపల కథ చెప్పడం మొదలుపెట్టింది. గొంతు తగ్గింది గానీ చెప్పే తీరు తగ్గలేదు. కుర్చీ తిప్పించింది తానేనని చెప్పింది. కుప్పం నుంచి నేరుగా వచ్చి చూసింది తానేనని చెప్పింది. వినేవాళ్ళలో కొందరు ఆ స్థితిలో కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

"వానలు పడినాక సూసినా. కుడిసెంప గెలిసింది," అంది.

నేను గది మూలలో కూర్చుని ఉన్నాను. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఎడమ," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు.

"ఎడమసెంపక్కా. కుడిది నల్ల సీసా."

 మండీ అక్క తన కుడిచెయ్యి ఎత్తి, గాల్లో ఒక గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని, వెలుతురువైపు తిప్పి చూసుకుంది.

"అవునప్పా, ఎడమే," అంది. "ఎడమే గెలిసింది."